సముద్రానికి సంచి కుట్టిన సిద్దయ్య

మా రాజేందర్ ఇంటికి సముద్రాన్ని తెచ్చిన రోజు నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మనుషులు పట్టుకుని దించుతున్న అద్దాల పెట్టెను చూసి, కోడలు చీరలు పెట్టుకోవడానికి కొత్త బీరువా కాబోలు అనుకుని సంతోషపడ్డాను. దాని వెనకాల పైపులు దిగాయి, మోటార్లు దిగాయి, ఒక బస్తా ఉప్పు దిగింది. చివరికి, నీళ్లు పోసి గాలి నింపిన ప్లాస్టిక్ సంచిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా వాడు దిగాడు. అందులో రెండు చేపలు. నారింజ రంగు ఒళ్లు, తెల్లటి పట్టీలు, ఎవరో కూర్చుని అంచు వేసి నేసినట్టున్నాయి.

“గివేంది బిడ్డా?” అన్నాను.

“సముద్రం చేపలమ్మా. మా మేనేజర్ సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది. తొట్టి నాకిచ్చి పోయిండు.”

“సముద్రం చేపలు మన నీళ్లల్ల బతుకుతయా?”

“బతకయి. ఉప్పు కలిపి మనమే సముద్రం చేసుకోవాలె.”

నేను పుట్టిందీ మెట్టిందీ ఆత్మకూరులోనే. కృష్ణను వరదల్లో చూశాను, ఎండల్లో ఇసుక తేలినప్పుడూ చూశాను. సముద్రం మాత్రం చూడలేదు. ఈ వయసులో అదే నన్ను వెతుక్కుంటూ షాద్‌నగర్‌కు వచ్చి, హాల్లో టీవీ పక్కన కూర్చుంది.

మేము నేతవాళ్లం. మా ఆయన సిద్దయ్య, మోకాళ్లు ఇక మగ్గం గుంటలోకి దిగమని మొండికేసేదాకా నేశాడు. ఆ తర్వాత మగ్గం విప్పి కొడుకు దగ్గరికి వచ్చేశాం. రాజేందర్ ఇక్కడ కంపెనీలో సూపర్‌వైజరు. కోడలు వసంతలక్ష్మి ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పని చూస్తుంది. అందరూ మంచివాళ్లే. కానీ మా వాడు ఇంటికి వస్తే మాట్లాడేవాడు కాదు. చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పిన పిల్లవాడు, కంపెనీలో చేరాక గోడలాగా తయారయ్యాడు. “ఎట్లుంది బిడ్డా డ్యూటీ?” అంటే “ఉంది” అనేవాడు. “కూర ఎట్లుంది?” అన్నా అదే మాట. కోడలు ఒకసారి నాతో, “అత్తమ్మా, మీ కొడుకు కన్న మన గ్యాస్ స్టవ్వు నయం. ముట్టిస్తే చప్పుడన్న జేస్తది” అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు నవ్వలేదు.

ఆ తొట్టి వచ్చాక మా వాడికి మాట వచ్చింది. డ్యూటీ నుంచి రాగానే దాని ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. మేమూ చుట్టూ చేరేవాళ్లం. పైన అద్దాల తొట్టి, కింద చెక్క పెట్టెలో ఇంకో చిన్న తొట్టి. పైనీళ్లు పైపులోంచి కిందికి దిగుతూ ముందు ఒక తెల్లటి సంచిలో పడతాయి. చేపల పెంట, తినగా మిగిలిన మెతుకులు అన్నీ ఆ సంచిలో ఆగిపోతాయి. సంచికి దొరకని సన్న మురికి ఒకటుంటుందట, కంటికి కనపడదు. దానికోసం ఒక నిలువు డబ్బా ఉంది. అది నీళ్లలోకి గాలి కొట్టి నురుగు లేపుతుంది. బెల్లం పాకం కాగేటప్పుడు మడ్డి పైకి తేలితే మనం గరిటెతో తీసేస్తాం చూడండి, అచ్చం అట్లాగే ఆ నురుగు మురికిని పట్టుకుని పైకెక్కి మీద ఉన్న గిన్నెలో పడుతుంది. ఆ గిన్నెలో చేరేది చూడటానికి కషాయంలా ఉంటుంది. వాసన మాత్రం, పగవాళ్లకు కూడా వద్దు. శుభ్రమైన నీళ్లను మోటరు మళ్లీ పైకి పంపుతుంది. ఇదంతా మా వాడు చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేసి చెప్తుంటే, నాకు చేపలకన్నా వాడి మొహమే బాగుండేది. కోడలు కూడా అన్నం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయేది.

మా ఆయన మాత్రం చేపల వైపు చూడలేదు. సంచిని రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూశాడు.

“ఇది నేసింది గాదురా. దూదిని ఒత్తి అతికిచ్చిండ్రు. పడుగు లేదు, పేక లేదు. గిది గూడ ఒక గుడ్డేనా?”

“నేసింది అక్కర్లేదు బాపు. గిదే పనికొస్తది” అన్నాడు రాజేందర్.

ఆ మాట ముసలాయన లోపలికి పోయి కూర్చుంది. మగ్గం విప్పినప్పటి నుంచి ఆయనకు “అక్కర్లేదు” అనే మాట పడదు.

ఇక ఈ కథలో మిగిలింది నర్సింగమ్మ. ఇంటి ఓనరు. పై అంతస్తులో ఉంటుంది. కింద రోడ్డు మీది షట్టర్‌లో ఫిల్టరు నీళ్ల ప్లాంటు నడుపుతుంది. తొట్టి దిగిన రోజే మెట్లు దిగి వచ్చి, నడుం మీద చేయి పెట్టుకుని హాల్లో నిలబడింది.

“ఇగో రాజేందరూ, ఉప్పు గోడలను తింటది. మా నాయిన కట్టిచ్చిన ఇల్లు ఉప్పుకే పోయింది. నా టైల్స్ మీద ఉప్పునీళ్లు పడ్డయంటే, గా పూట్నే తొట్టి బయట. ఇనవడ్డదా?”

“పడనియ్యనత్తా. చుక్క గూడ పడనియ్య.”

“చుక్క అన్నవు. యాది పెట్టుకో.”

అప్పటి నుంచి మా వాడు ఒక చేత్తో సంచి మారుస్తూ ఇంకో చేత్తో నేల తుడిచేవాడు. ఇంట్లో పసిపిల్ల ఉన్నా అంత తుడవడం ఉండదు. తొట్టి పోతే మళ్లీ ఆ “ఉంది” అనే మాటే మిగులుతుందని నాకూ భయం, నా కోడలికీ భయం. అందుకే మేమిద్దరం కూడా గుడ్డ పట్టుకునే తిరిగేవాళ్లం.

చేపలకు నల్లా నీళ్లు పనికిరావు, బోరు నీళ్లు అసలే పనికిరావు. పళ్లకు గార పట్టించే నీళ్లు, పాపం చేపలేం తట్టుకుంటాయి. అందుకని నర్సింగమ్మ ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చి, స్నానాల గది పక్కన ఉన్న నీలం డ్రమ్ములో ఉప్పు కలిపి ఉంచేవాడు. మేము మాత్రం నల్లా నీళ్లే తాగేవాళ్లం. “వచ్చే జన్మల చేపగ పుట్టాలె మామా. గీ ఇంట్లనే పుట్టాలె” అనేది కోడలు. నర్సింగమ్మకు ఈ సంగతి తెలియదు. ఇన్ని క్యాన్లు కొంటున్నారు, శుభ్రత ఎరిగిన కుటుంబం అని మా గురించి వాడలో గొప్పగా చెప్పేది.

ఇట్లా ఉండగా కంపెనీ వాళ్లు రాజేందర్‌ను ట్రైనింగ్ అని పూణె పంపించారు. పోయే ముందు మమ్మల్ని తొట్టి ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు.

“మేత చిటికెడే. సంచి గలీజు కాంగనే మార్చుండ్రి. తీసినదాన్ని సబ్బు పెట్టకుంట ఉతికి ఎండల ఎయ్యుండ్రి. రెండున్నయి, ఒకటి మార్చి ఒకటి. నీళ్లు ఇగిరిపోతే ఫిల్టరు నీళ్లే పొయ్యాలె, ఉప్పునీళ్లు పొయ్యొద్దు.”

“పోయింది ఉప్పునీళ్లయినప్పుడు, పోసేది గూడ ఉప్పునీళ్లే గావాలె కద?” అన్నాడు మా ఆయన.

“ఆవిరైంది నీళ్లే బాపు, ఉప్పు ఆడనే ఉంటది.”

“పులుసు ఇగిరితే నీళ్లు పోస్తమా, ఉప్పేస్తమా?” అని నేను కసిరితే గానీ ముసలాయన ఊరుకోలేదు.

కొడుకు పోయాక అంతా బాగానే నడిచింది. శనివారం నాడు కోడలు ఉతికిన సంచిని మేడ మీద తీగకు ఆరేసింది. కోతులు వచ్చాయి. ఒక పెద్ద కోతి ఆ సంచిని తీసి, లోపల ఏమైనా ఉందేమోనని తల దూర్చింది. ఏమీ లేదు. తల బయటకు రాలేదు. అట్లాగే టోపీ పెట్టుకున్న పెద్దమనిషిలాగా వాటర్ ట్యాంకు మీద కాసేపు కూర్చుని, తర్వాత ఆ టోపీతోనే పక్కింటి మీదికి, అక్కడి నుంచి రైల్వే స్టేషన్ వైపు వెళ్లిపోయింది. మా కోడలు చీపురు పట్టుకుని మెట్ల దాకా ఉరికింది గానీ, కోతితో ఎవరు ఉరుకుతారు?

ఆదివారం పొద్దున చూస్తే తొట్టిలో ఉన్న సంచి జిగటపట్టి, నీళ్లు దిగక అంచుల మీదుగా పొంగుతోంది.

“దాన్నే పిండి మళ్ల పెడదాం మామా. ఆయన వచ్చినంక కొత్తది తెస్తడు” అంది వసంతలక్ష్మి, బట్టలుతుక్కుని తలంటు పోసుకోవడానికి పోతూ.

నేను కూరగాయల సంచీ తీసుకుని బజారుకు పోయాను. అక్కడే జరిగింది పొరపాటు. నేను ఇంట్లో ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా బట్ట పెట్టాలంటే మగ్గం మీంచి కోసింది కోసినట్టే పెట్టాలి. గంజి పెళపెళలాడుతూ ఉండాలి. ఓ మూలకు పసుపు పెట్టాలి. నీళ్లు తగిలిన గుడ్డ పెట్టడమంటే మొహం మీద కొట్టినట్టే. మా చిన్నత్త కూతురి పెళ్లిలో మగపెళ్లివారికి పెట్టిన పంచెల్లో ఒకటి ముందు రోజు వానకు తడిసి గంజి పోయి మెత్తబడింది. ఆ ఒక్క పంచెకు వాళ్లు పందిట్లోంచి లేచిపోయారు. ఆ వియ్యంకుడు చచ్చిపోయే ముందు కూడా “మెత్తటి పంచె” అని తలుచుకున్నాడని చెప్పుకుంటారు. ఆ పంచె నేసింది మా మామే. ఆ ముచ్చట వింటూ పెరిగిన మనిషి మా ఆయన.

అలాంటి మనిషి, చూసేవాళ్లెవరూ లేని ఆ పూట, ట్రంకు పెట్టె తెరిచాడు. మగ్గం విప్పే ముందు ఆఖరుసారి నేసిన తెల్లటి తాను అందులో ఉంది. దాన్ని ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వడు. అందులోంచి మూరెడు చింపి, సంచి కుట్టాడు. కుట్టు మా ఆయనది అంటే చెప్పాలా, ఎలుక పన్నుకు కూడా అందదు. మూలకు పసుపు అద్దాడు. ఒక చుక్క పెట్టి ఊరుకోలేదు, సముద్రానికి కదా అని నాలుగువైపులా పెట్టాడు. పాత సంచి తీసి, దీన్ని తగిలించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను వచ్చేసరికి తొట్టిలో మజ్జిగ ఉంది.

మజ్జిగ కూడా కాదు, పసుపు వేసిన మజ్జిగ. చేపలు కనపడటం లేదు. అద్దం దగ్గరికి ఏదైనా వస్తే ఒక నారింజ తోక మెరిసి మాయమవుతోంది.

“ఏం జేసినవయ్యా?” అన్నాను, కూరగాయల సంచీ కింద పడేసి.

“సంచి మార్చిన. చూసినవా, ఎట్ల పడుతుందో? ఇన్నొద్దులు పైపై మురికే బోయింది. నా గుడ్డ పడంగనే లోపటి మురికంత బయటికొస్తాంది.”

నేను వేలు ముంచి నలిపాను. జర్రున జారింది. వాసన చూశాను. పుట్టిన దగ్గర్నుంచి నా ఒంటికి పట్టిన వాసన.

“ఇది మురికి గాదు, గంజి! కొత్త తానును ఉడకబెట్టకుంట పెట్టినవా?”

“ఉతికిన గుడ్డ పెడతరా ఎవరన్న? మనకేం మర్యాద లేదా?”

“ఎవరికయ్యా మర్యాద? చేపలకా?”

“వాడు అక్కర్లేదన్నడు” అన్నాడు, గొంతు తగ్గించి.

ఇంతలో కింది పెట్టెలోంచి బుస్సుమని చప్పుడు. నురుగు డబ్బాకు ఇన్నాళ్లూ చిటికెడు మురికి దొరికేది, ఇవ్వాళ పండగ దొరికింది. గిన్నె నిండింది, మూత లేచింది, పసుపుపచ్చ నురుగు పాలు పొంగినట్టు పొంగి, పెట్టె తలుపుల సందులోంచి హాల్లోకి నడిచి వచ్చింది. నర్సింగమ్మ టైల్స్ మీదికి!

తలకు తువ్వాల చుట్టుకుని వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. “అత్తమ్మా, గిదేంది! ముందు తలుపెయ్యుండ్రి, ఓనరు పెద్దమ్మ చూస్తది!”

తలుపు వేశాం. మా ఆయన నేల తుడుస్తానని ట్రంకులోంచి మిగిలిన తాను పట్టుకొచ్చాడు. గంజి బట్ట నీళ్లు పీలుస్తుందా? నురుగును ఈ గోడ నుంచి ఆ గోడకు తోసింది, అంతే.

కోడలు పూణెకు వీడియో కాల్ చేసింది. మా వాడి మొహం ఫోన్‌లో కనపడింది. కోడలు ఫోన్‌ను తొట్టి వైపు తిప్పింది. కాసేపు అక్కడి నుంచి మాట లేదు. మళ్లీ గోడ అయిపోయాడా అనుకున్నాను.

“బాపు ఏం జేసిండు?” అన్నాడు చివరికి.

మా ఆయన అప్పటికే పరదా వెనక్కి పోయాడు. పాదాలు కనపడుతున్నాయి.

“తర్వాత జెప్త. ముందు ఏం జెయ్యాల్నో జెప్పుండ్రి” అంది వసంతలక్ష్మి.

“సంచి తీసెయ్యి. నురుగు డబ్బా మోటరు బంజెయ్యి. గాలి మోటరు పెద్దగ పెట్టు. సగం నీళ్లు తీసి కొత్త నీళ్లు పొయ్యాలె. డ్రమ్ముల ఉన్నయి సరిపోవు, ఇంక క్యాన్లు తేవాలె. ఫిల్టరు నీళ్లే. ఉప్పు కలిపినంక, దాన్ని కొలిచే గాజుగొట్టం ఎర్రగీత కాడ తేలాలె. జల్ది జెయ్యుండ్రి లక్ష్మీ, సాయంత్రందాక ఆగయి అవి. ఊపిరాడదు. నర్సింగమ్మత్తకు తెలిస్తే…”

“తెల్వదు. ఫికర్ జెయ్యకుండ్రి.”

క్యాన్లు ఉండేది ఎక్కడ? నర్సింగమ్మ దగ్గరే. ఎవరికి తెలియకూడదో వాళ్ల దగ్గరికే పోవాలి. పరదా వెనక నుంచి మా ఆయన వచ్చి, “నేను తెస్త” అన్నాడు. జీవితంలో అబద్ధం ఆడని మనిషిని పంపించి, మేము కిటికీ దగ్గర చెవులు పెట్టాం.

“ఏం సిద్దన్నా, ఇన్ని క్యాన్లెందుకే?”

“అదే… చుట్టాలొస్తుండ్రు. దావతు.”

“ఏం దావతు?”

“మంచి దావతే.”

“మంచిదే గని, ఎందుకని అడుగుతున్న. నీళ్లు గిన్ని కావాల్నంటే శాన మందే ఉంటరు. పైన నేనొక్కదాన్ని ఉన్న, నాకు ఒక్క మాట జెప్పలె.”

మేము కిటికీకి ఇంకా దగ్గరికి జరిగాం.

“చెప్దామనే వచ్చిన” అన్నాడు మా ఆయన.

కోడలు నుదురు కొట్టుకుంది. “అయిపాయె! పిలిచి వస్తుండు అత్తమ్మా.”

క్యాన్లు వచ్చాయి, ముసలాయన తలదించుకుని వచ్చాడు. తిట్టే తీరిక లేదు. కోడలు ఒక పొయ్యి మీద బగారన్నం పడేసింది. “వచ్చేటామెకు తినవెట్టాలెనా, చేపలకు నీళ్లు పెట్టాలెనా? నాకు ఉన్నయి రెండు చేతులే” అంటూనే రెండూ చేసింది. నేను డ్రమ్ములో ఉప్పు పోసి తెడ్డుతో తిప్పాను. గాజుగొట్టం ఒకసారి మునుగుతుంది, ఒకసారి తేలుతుంది, దాన్ని ఎర్రగీత దగ్గర నిలబెట్టేసరికి నా భుజం జారిపోయింది. మా ఆయన పైపు తొట్టిలో వేసి, నీళ్లు దిగడానికి రెండో కొసను నోటితో గుంజాడు. గుక్కెడు నోట్లోకి వచ్చింది. ఉమ్మేసి, నా వైపు తిరిగాడు.

“సుగుణా.”

“ఏంది?”

“నా గంజే.”

తొట్టిలోంచి తీసిన నీళ్లను ఇంట్లో ఉన్న బకెట్లలో, గిన్నెల్లో, ఆఖరుకు పెళ్లిళ్ల కోసం దాచిన పెద్ద స్టీలు గంగాళంలో కూడా పట్టాం. అవి హాల్లో వరుసగా ఉన్నాయి. కొత్త నీళ్లు పోయడం ఇంకా మొదలే పెట్టలేదు, తలుపు చప్పుడైంది. నురుగు తుడిచే హడావుడిలో గొళ్లెం వేయడం ఎవరం మరిచామో.

నర్సింగమ్మ! పట్టుచీర, తల్లో పూలు, చేతిలో అరటిపండ్ల పళ్లెం. చుట్టాల కోసం అటూ ఇటూ చూసింది. చుట్టాలు లేరు. తలకు తువ్వాల చుట్టుకున్న మా కోడలు, మోకాళ్ల దాకా తడిసిన నేను, గిన్నెల వెనక నిలబడ్డ మా ఆయన. బగారన్నం వాసన, దాని మీదుగా నురుగు డబ్బా వాసన.

“ఏమాయె, అందరు తిని పోయిండ్రా?” అంది. తర్వాత ఆమె కన్ను గంగాళం మీద పడింది. పసుపుపచ్చగా, చిక్కగా, మీద కొద్దిగా నురుగుతో. “మజ్జిగ పులుసా! ఇంత మిగిలిందా?”

నేను “ఆగు” అనేలోపు గరిటె ఆమె చేతిలో ఉంది, గరిటెలోది ఆమె అరచేతిలో, అరచేతిలోది నోట్లో.

ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. కళ్లు ముందు పెద్దవయ్యాయి, తర్వాత చిన్నవయ్యాయి, తర్వాత ఎటో పోయాయి.

“ఉప్పు… ఉప్పు ఎక్కువైంది సుగుణక్కా” అంది, మర్యాద విడవకుండా. తర్వాత వాసన తెలిసింది. తర్వాత తొట్టి కనపడింది. ఆఖరున నేల కనపడింది.

“నా టైల్స్!”

పండ్ల పళ్లెం బల్ల మీద పెట్టి మొదలుపెట్టింది. ఆమె అన్న మాటలన్నీ ఇక్కడ చెప్పను. మేము పడాల్సినవే. ఆఖరుకు, “అబద్ధం దావతుకు పిలిచి చేపల కడుగునీళ్లు తాగిపిస్తరా! చీకటి పడేలోపు తొట్టి బయటుండాలె. తొట్టన్న ఉండాలె, మీరన్న ఉండాలె!” అంది.

మా ఆయన ముందుకు వచ్చాడు. “తప్పు నాది నర్సింగమ్మా. నేను పోత ఆత్మకూరుకు. తొట్టిని ఉండనియ్యి. అది పోతే మా పోరడు మళ్ల మాట్లాడడు.”

నర్సింగమ్మ కొంచెం తగ్గింది గానీ మాట మార్చలేదు. “నీ పోరడు మాట్లాడకుంటే నా గోడలేం జేసినయి?”

నా కోడలు ముందుకు జరిగింది. తలకున్న తువ్వాల తీసి భుజం మీద వేసుకుంది.

“తీస్తం పెద్దమ్మా. చీకటి పడేలోపు తీస్తం. గని గీ నీళ్లన్న మార్చనియ్యి. రెండు పానాలు పోతయి. మీ ప్లాంటు నీళ్లు తప్ప ఇంకేవి వడవు వాటికి.”

“మా నీళ్లా? చేపలకా?”

“మరి ఇన్నొద్దులు ఎవరికనుకున్నవు? మేం తాగేది నల్లా నీళ్లే.”

నర్సింగమ్మ ఈ మాటకు బాధపడాలో కోప్పడాలో తెలియక నోరు తెరిచింది.

“ఒకసారి మీ షట్టరు బంద్ ఉంటే ఆయన ఎదురుంగ గుర్వయ్య ప్లాంటు నీళ్లు తెచ్చిండు. నీళ్లల్ల ఉప్పు, సున్నం ఎంతున్నదో చెప్పే మీటరు పెట్టి చూసి మోరీల పారబోసిండు. సముద్రం చేపలకు గా నీళ్లు పోస్తే సచ్చిపోతయన్నడు.”

ఇది మా కోడలు ఏ ఉద్దేశంతో అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెను అడిగితే నవ్వుతుంది. గుర్వయ్య అంటే నర్సింగమ్మ ఎదురుగా కొత్తగా ప్లాంటు పెట్టిన మనిషి. నర్సింగమ్మ బోరు నీళ్లే నింపి అమ్ముతుందని వాడలో అందరికీ చెప్పి, ఆమె గిరాకీ సగం తన వైపు తిప్పుకున్నాడు.

“మీటరా? ఏది?” అంది నర్సింగమ్మ.

కోడలు కలం లాంటి ఆ మీటరు తెచ్చి నర్సింగమ్మ క్యాన్ నీళ్లలో పెట్టింది. అంకె సున్నా దగ్గరికి పోయి ఆగింది. మా నల్లా నీళ్లలో పెడితే అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి. నర్సింగమ్మ మీటరు లాక్కుని, తనే ఇంకోసారి పెట్టి చూసింది. ఇంకో క్యాన్ తెరిపించి చూసింది.

“చేపకు తెలిసింది,” అంది మీటరు వైపు చూస్తూ, “వాడ మనుషులకు తెల్వకపాయె.”

తర్వాత పట్టు కొంగు నడుంలో దోపింది.

“సూసుకుంట నిలవడ్డరేంది? పొయ్యుండ్రి! సిద్దన్నా, ఆ పైపు పట్టు. సుగుణక్కా, నువ్వు కూసో, తెడ్డు ఇటియ్యి. క్యాన్లు సాలకుంటే ఇంక తెప్పిస్త. నా నీళ్ల మీద బతికే చేప నా ఇంట్ల సస్తదా?”

ఆమె తిప్పిన తిప్పుడుకు డ్రమ్ములో సుడి లేచింది. ఉప్పు చూడటం, పోయడం, తీయడం, మళ్లీ పోయడం. పాత సంచిని పిండి తగిలించాం. టైల్స్ మీద ఉప్పునీళ్లు ఎన్ని పడ్డాయో, ఆమె చీర కుచ్చిళ్లతోనే అవన్నీ తుడుచుకుపోయాయి, ఆమె చూసుకోలేదు. మధ్యలో బగారన్నం మాడింది, అదే తలా ఇంత తిన్నాం. పొద్దు వాలేసరికి తొట్టిలో మసక పలచబడింది. రాళ్ల వెనక నుంచి ఒక చేప వచ్చింది. ఇంకోటి రాలేదు. నలుగురం అద్దానికి ముక్కులు ఆనించి కూర్చున్నాం. చాలాసేపటికి అది కూడా మూతి బయటపెట్టింది, ఎవరితోనో అలిగి లేచినట్టు.

“రా బిడ్డా, రా” అంది నర్సింగమ్మ. అప్పుడే తలుపు దగ్గరికి ఉరికి, రోడ్డు మీద పోయే ఆడవాళ్లను పిలిచింది. “ఓ అక్కా! ఇటు రా. సముద్రం చేపను సూద్దువు గని. నా నీళ్లే తాగుతది!”

ఆ అక్క వెంట ఇంకెవరో వచ్చారు. వాళ్ల వెంట ఇంకెవరో. వచ్చిన ప్రతి మనిషికీ మీటరు చూపించింది. మా కోడలు చెవిలో, “చీకటి పడింది పెద్దమ్మా. తొట్టి తీస్తమా మరి?” అంటే, “తీసుడేంది? కిటికీ కాడికి జరుపుండ్రి. గుర్వయ్య షట్టరు దిక్కు మొకం ఉండాలె” అంది.

రాజేందర్ పూణె నుంచి దిగిన రోజు, ఫోన్‌లో అన్నీ బాగానే ఉన్నాయని మేము చెప్పినా నమ్మక, బస్టాండ్ నుంచి పరుగున వచ్చాడు. వచ్చేసరికి ఇంటి ముందు చెప్పుల గుట్ట. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని బ్యాగు వాకిట్లోనే వదిలేశాడు. లోపల చూస్తే, నీళ్లు కొనేముందు చేపలను చూడటానికి ఖాళీ క్యాన్లు పట్టుకుని వరుసగా నిలబడ్డ జనం, సోఫాలో నర్సింగమ్మ, తొట్టి పక్కన చేతులు కట్టుకుని మా ఆయన.

మా వాడు నేరుగా అద్దం దగ్గరికి పోయాడు. చేపలను చూశాడు. తర్వాత తండ్రిని చూశాడు. మా ఆయన చూపు తిప్పుకున్నాడు. నాకు భయమేసింది. కొడుకు మాట్లాడకపోతే ఇప్పుడు తండ్రీ మాట్లాడడు, ఇంట్లో రెండు గోడలవుతాయి.

“సంచి ఎవరు కుట్టిండ్రు?” అన్నాడు రాజేందర్. కోడలు ఆ పసుపు సంచిని పారేయకుండా హాల్లోనే తీగకు ఆరేసి ఉంచింది, దాన్ని పట్టుకుని తిప్పి చూస్తున్నాడు. “కుట్టు మంచిగుంది బాపు. ఇంత సన్నగ మిషన్ గూడ కుట్టదు.”

“గంజి ఉండె” అన్నాడు మా ఆయన.

“ఉంటే ఏమాయె? నాలుగుసార్లు ఉడకబెడితే పోతది. కానీ పోగుకు పోగుకు నడుమ సందు ఎంతుంటదో నాకు తెల్వదు. నువ్వు చెప్పాలె.”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. సంచిని వెలుతురుకు పట్టాడు. తర్వాత మొదలుపెట్టాడు.

వరుసలో ఉన్న ఒకామె క్యాన్ కింద పెట్టి, “ఎందుకన్నా ఆ సంచి? నీళ్లు శుభ్రమే కద?” అని మధ్యలో అడిగింది. రాజేందర్ అటు తిరిగి, పైపు నుంచి మొదలుపెట్టి, చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి ఆపి, “గట్ల గాదు, ముందు పడుగు సంగతి చెప్పు” అన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కోసుకుంటూ చెప్తున్నారు. నర్సింగమ్మ మధ్య మధ్యలో, “నీళ్లు మాత్రం నావి” అని అందిస్తోంది.

వసంతలక్ష్మి వంటింట్లోంచి పిలిచింది. “అన్నం చల్లారుతాంది!”

ఎవరూ వినలేదు. ఆమె ఇంకోసారి పిలవబోయి, ఆగి, పళ్లెం మీద మూత పెట్టి, తనూ వచ్చి నా పక్కన కూర్చుంది.